లంబసింగి టీలో పాలెక్కడివి?

(ప్రపంచ పర్యాటక దినోత్సవం సందర్భంగా విశాఖపట్నంలోని ఒక డిగ్రీ కాలేజీలో కామర్స్ విద్యార్థుల ముందు ఒక విశ్రాంత బ్యాంకు ఉద్యోగి చేసిన ప్రసంగ పాఠం)

అందరికీ నమస్కారం. ప్రిన్సిపాల్ గారు నన్ను పరిచయం చేస్తూ ఆర్థికవేత్త అన్నారు. అంత లేదండి. ముప్పై నాలుగేళ్లు బ్యాంకులో పనిచేశాను, అందులో తొమ్మిదేళ్లు ఏజెన్సీలో. అప్పులిచ్చాను, వసూలు చేశాను, కొన్ని వసూలు కాలేదు. నాకు తెలిసిన ఆర్థికశాస్త్రం అదే.

మీలో లంబసింగి వెళ్లినవాళ్లు చేతులెత్తండి. బాగుంది, దాదాపు అందరూ వెళ్లారు. అక్కడికి వెళ్లి టీ తాగకుండా వచ్చినవాళ్లు? ఒక్కరూ లేరు. సరే, ఆ టీలో పాలు ఎక్కడివో అడిగినవాళ్లు? (నవ్వులు) నవ్వకండి, నేను ఇవాళ చెప్పబోయేదంతా ఆ పాల గురించే.

లంబసింగికి ఇంకో పేరుంది, కొర్రబయలు. రాత్రి బయట పడుకున్నవాడు తెల్లారేసరికి కొర్రులా, అంటే కర్రలా, బిగుసుకుపోతాడని అక్కడివాళ్లు చెబుతారు. సముద్రమట్టానికి సుమారు వెయ్యి మీటర్ల ఎత్తు. డిసెంబర్, జనవరి నెలల్లో చలి సున్నా డిగ్రీల దగ్గరికి దిగుతుంది. నేను లంబసింగి ఉన్న చింతపల్లి మండలం వైపు పనిచేసిన రోజుల్లో ఆ చలి మాకు ఒక బాధ. ట్రాన్స్‌ఫర్ కోసం అర్జీలు పెట్టుకునేవాళ్లం. ఇప్పుడు అదే చలి కోసం మీరు కార్లు కట్టుకుని వెళ్తున్నారు. అమ్ముడుపోయే సరుకు ఏదో ముందుగా ఎవరికీ తెలియదు, బ్యాంకు మేనేజరుకి అసలే తెలియదు. ఆ కథకి తర్వాత వస్తాను.

పాల సంగతి. కొండ మీద పశువులు లేక కాదు. ఆవులున్నాయి, ఎడ్లున్నాయి. కానీ చాలా ఆదివాసీ ఊళ్లలో ఆవుని దుక్కికీ దూడకీ పెంచుతారు, పాలు పితికి అమ్మే అలవాటు మొదటినుంచీ తక్కువ. కాబట్టి పొద్దున్నే నాలుగింటికి వెలిగే ఆ టీ కొట్లకు పాల ప్యాకెట్లు కింద నర్సీపట్నం నుంచి ఘాట్ రోడ్డెక్కి వస్తాయి. పంచదార కిందిదే, టీపొడి కిందిదే, పేపర్ కప్పు కిందిదే. పైన ఉన్నవి నీళ్లు, కట్టెలు, మనిషి. మీరిచ్చిన ఇరవై రూపాయల్లో ఈ మూడింటికీ దక్కేదే ఆ ఊరి ఆదాయం.

మీరు కామర్స్ వాళ్లు కాబట్టి ఒక లెక్క వేద్దాం. ఇది సర్వే కాదు, నేను వెళ్లినప్పుడు చూసిన రేట్లను బట్టి కూర్చుని వేసుకున్న కాగితం లెక్క. నలుగురు కుర్రాళ్లు, ఒక కారు, ఒక రాత్రి. మొత్తం ఖర్చు 9,000 రూపాయలు అనుకోండి. పెట్రోలు 2,200, అది విశాఖలోనే కొట్టించేశారు. చిప్స్, వాటర్ బాటిళ్లు, కూల్‌డ్రింకులు, ఇంకా మీరు నాకు చెప్పని బాటిళ్లు (నవ్వులు), అవన్నీ నర్సీపట్నంలో 1,300. అంటే ఘాట్ ఎక్కకముందే 3,500 అయిపోయింది. పైన ఖర్చుపెట్టింది 5,500. అందులో రెండు టెంట్లకి 2,400, బొంగులో చికెన్‌కీ రాత్రి భోజనానికీ 1,600, క్యాంప్‌ఫైర్‌కి 400, పొద్దున్న టీ టిఫిన్లకి 500, స్ట్రాబెర్రీలకి 400, పార్కింగ్‌కీ బాత్రూముకీ 200.

ఇప్పుడు అసలు ప్రశ్న. ఈ 5,500లో ఊళ్లో ఆగేది ఎంత? టెంట్లు మీరు ఫోన్‌లో బుక్ చేశారు. వాటి యజమాని నగరంలో ఉన్నాడు. స్థలం ఇచ్చినాయనకి, టెంట్లు వేసి దుప్పట్లు పరిచిన కుర్రాడికి కలిపి 900 దక్కిందనుకుందాం. మిగతా 1,500 ఫోన్‌లోనే కిందికి దిగిపోయింది. చికెన్ బ్రాయిలర్, అదీ నూనే మసాలాలూ కిందివే. వెదురు బొంగు, వండిన చెయ్యి కొండవి. అక్కడ ఆగింది 700. మంటకి 400 పూర్తిగా ఊరిదే. టీ టిఫిన్లలో సగం, 250. స్ట్రాబెర్రీ మొక్కలు, ప్లాస్టిక్ డబ్బాలు బయటివి కాబట్టి అక్కడా సగమే వేద్దాం, 200. పార్కింగ్ 200. కూడండి. 2,650. మీరు తొమ్మిది వేలు ఖర్చుపెట్టి వచ్చారు, ఊళ్లో ఆగింది వందకి ముప్పై కూడా కాదు.

అదే ఆ టెంట్లు ఊరి కుర్రాడివే అయితే? టెంటు అరుగుదల కింద ఒక 300 తీసేసినా 2,100 ఆగుతుంది. బ్రాయిలర్ బదులు ఆ ఊరి నాటుకోడి అయితే 1,300 ఆగుతుంది. అప్పుడు మొత్తం 4,450. సగానికి దగ్గర. చూశారా, మీ జేబులోంచి అదనంగా ఒక్క రూపాయి పోలేదు. వచ్చిన మనుషుల సంఖ్య మారలేదు. టెంటు ఎవరిది, కోడి ఎవరిది అన్న రెండు విషయాలు మారితే ఊరి ఆదాయం దాదాపు మూడింట రెండు వంతులు పెరిగింది. అందుకే ఏడాదికి ఇన్ని లక్షల మంది టూరిస్టులు వచ్చారని ఎవరైనా స్టేజీ మీద చెబితే నేను చప్పట్లు కొట్టను. టెంట్లు ఎవరివండీ అని అడుగుతాను.

ఇక నా కథ. ఒకరోజు ఇంటర్ తప్పిన ఒక కుర్రాడు మా బ్రాంచికి వచ్చాడు. కాళ్లకి చెప్పుల్లేవు, చేతిలో మాత్రం నీటుగా మడతపెట్టిన కాగితం. సార్, నాకు ఆరు టెంట్లు కొనడానికి లోన్ కావాలన్నాడు. నేను నవ్వాను. గేదెలకి ఇచ్చాను, ఆటోలకి ఇచ్చాను, కిరాణా కొట్లకి ఇచ్చాను, గుడ్డ ఇళ్లకి అప్పేమిటి అనిపించింది. రేపు గాలొచ్చి ఎగిరిపోతే ఎవరిని పట్టుకోవాలి? ఆ కాగితం విప్పి కూడా చూడకుండా పంపేశాను. పూచీకత్తు లేకుండా ముద్రా లోన్ ఇచ్చే వీలు అప్పటికే ఉంది. తప్పు స్కీముది కాదు, కుర్చీలో కూర్చున్న నాది. అదే సంవత్సరం కింద నుంచి వచ్చిన ఒకాయనకి వ్యాపార విస్తరణ కింద మేమే లోన్ ఇచ్చాం. ఆయన ఆ డబ్బుతో కొండ మీద టెంట్లు వేశాడు. ఈ కుర్రాడు అక్కడ జీతానికి దుప్పట్లు పరిచాడు. ఇందాక లెక్కలో చెప్పిన 900లో వాటా అతనిదే.

మీరు రేపు బ్యాంకు పరీక్షలు రాసి ఏ బ్రాంచికో వెళ్తారు. కాగితం విప్పి చూడండి. అంతకంటే ఏం చెప్పను.

ఇక్కడ ఒక చట్టం గురించి చెప్పాలి, లేకపోతే ఏజెన్సీ లెక్క అర్థం కాదు. షెడ్యూల్డు ప్రాంతంలో 1/70 ఉంది. 1959 నాటి భూబదలాయింపు నిబంధనలకి 1970లో తెచ్చిన సవరణ అది. గిరిజనేతరుల చేతికి భూమి వెళ్లకూడదు. అమ్మకమే కాదు, లీజు కూడా బదలాయింపు కిందికే వస్తుంది. మరి అక్కడ కనిపించే ఆ రిసార్టులన్నీ ఎవరివి అంటారా? బోర్డు మీద ఒక పేరు, గల్లాపెట్టె దగ్గర ఇంకో పేరు. మన తెలుగులో దీనికి బినామీ అని మంచి పేరుంది. భూమి ఇచ్చిన గిరిజనుడి చేతిలో ఒక కాగితం ముక్క ఉండదు, ఉంటే అది కోర్టులో చెల్లదు. రేటు పెంచమని అడగలేడు. చట్టం అతన్ని కాపాడటానికి వచ్చింది, దొడ్డిదారి వ్యాపారం అతన్ని నోరెత్తలేనివాణ్ణి చేసింది. దీనికి కొందరు చట్టమే ఎత్తేయాలంటారు. నేను ఒప్పుకోను. చట్టం లేకపోతే ఈ పాటికి అతనికి ఆ నోరెత్తలేని వాటా కూడా ఉండేది కాదు.

బొర్రా గుహలు అందరూ చూశారు కదా. అద్దాల రైలు పెట్టె ఎక్కి వెళ్లి, గుహ చూసి, బొంగులో చికెన్ తిని, సాయంత్రానికి ఇంటికొచ్చేస్తారు. ఆ అనంతగిరి మండలం బొర్రా పంచాయతీలోని గనుల లీజుల మీద సమత అనే స్వచ్ఛంద సంస్థ నడిపిందే సమత కేసు. 1997లో సుప్రీంకోర్టు తీర్పు ఇచ్చింది. షెడ్యూల్డు ప్రాంతంలో ప్రభుత్వ భూమిని కూడా ప్రైవేటు కంపెనీలకి గనుల కోసం లీజుకి ఇవ్వకూడదంది. అలాంటి పూర్తి నిషేధం లేని రాష్ట్రాల్లో లీజు తీసుకున్నవాళ్లు నికర లాభంలో కనీసం 20 శాతం ఆ ప్రాంత అభివృద్ధికి నిధిగా పక్కన పెట్టాలంది. అది గనుల గురించి చెప్పిన మాటే, నాకు తెలుసు. కానీ కొండని తవ్వి అమ్మితే ఊరికి వాటా ఉండాలన్నప్పుడు, కొండని చూపించి టికెట్టు అమ్మితే ఎందుకు ఉండకూడదు? పార్కింగ్ రుసుం ఎవరు వసూలు చేయాలి, దేనికి ఖర్చుపెట్టాలి అన్నది గ్రామసభలో కూర్చుని తేల్చుకోవాల్సిన విషయం. 1996 నాటి పెసా చట్టం, అంటే షెడ్యూల్డు ప్రాంతాల పంచాయతీల చట్టం, వచ్చిందే గ్రామసభకి మాట ఉండాలని.

పెద్ద పెద్ద మాటలు వదిలేసి ఒక చిన్న దృశ్యం చెబుతాను. అరకు దారిలో వలిసె పూల చేలు చూసే ఉంటారు, చలి మొదలయ్యే రోజుల్లో కొండవాలు అంతా పసుపు. వలిసెలు నూనెగింజల పంట. పువ్వు అందం కోసం ఎవరూ వేయలేదు. మొదట్లో టూరిస్టులు కార్లు ఆపి చేలోకి దూకి ఫొటోలు దిగేవాళ్లు. మొక్కలు తొక్కేస్తే గింజ రాలదు. రైతు కేకలేసేవాడు, వీళ్లు నవ్వేసి పోయేవాళ్లు. తర్వాత ఒక సంవత్సరం వెళ్తే ఒక ముసలమ్మ చేను గట్టున కూర్చుని ఉంది. రెండు వెదురు కర్రలు పాతి తాడు కట్టింది, చేలోకి మనిషి పట్టేంత ఒక బాట వదిలింది. మనిషికి ఇరవై రూపాయలు. నేను యాభై ఇచ్చి చిల్లర ఉంచుకోమ్మా అన్నాను. ఆవిడ కొంగు ముడి విప్పి మూడు పది నోట్లు లెక్కపెట్టి నా చేతిలో పెట్టింది. "రేటు ఇరవయ్యే బాబూ" అంది. వలిసె గింజలకి ఎంత వస్తుందమ్మా అని అడిగాను. ఫొటోలకి వచ్చినంత రాదంది. మరి వచ్చే ఏడు కూడా వేస్తావా అంటే, "పువ్వు కోసం ఏస్తాను, గింజ ఎలాగూ ఉంటాది" అంది.

నా ఉద్యోగ జీవితంలో చూసిన ప్రాజెక్టు రిపోర్టులన్నిటిలో ఆ తాడే నాకు బాగా నచ్చింది. పెట్టుబడి తాడు. చేను పాడవలేదు. డబ్బు మొత్తం ఆవిడ కొంగు ముడిలోనే ఉంది.

ఒక్కొక్కరూ తాడు కట్టుకుంటే సరిపోయేచోట్లు కొన్నే. అడవి, జలపాతం, నది ఉమ్మడివి. అక్కడ సంఘం కావాలి. మన మారేడుమిల్లిలో వన సంరక్షణ సమితి తరఫున ఊరివాళ్లే విడిది నడపడం చూశాం. కేరళలో పెరియార్ పులుల అభయారణ్యం కథ ఇంకా గట్టిది. అక్కడ దాల్చిన చెట్ల బెరడు దొంగతనంగా వలిచి అమ్ముకునేవాళ్ల గుంపు ఉండేది. అడవి శాఖకి వాళ్లు నేరస్తులు. అడవిలో ఏ దారి ఎటు పోతుందో, ఏ జంతువు ఏ వేళప్పుడు నీళ్లకి వస్తుందో వాళ్లకి తెలిసినంత ఎవరికీ తెలియదు. 1990ల చివర్లో ఆ మనుషులతోనే సంఘం పెట్టించి, టూరిస్టులను అడవిలో నడిపించే గైడ్లుగా మార్చారు. సందర్శకులు కట్టిన డబ్బు సంఘం ఖాతాలోకి వెళ్లి, అందులోంచి వాళ్లకి జీతాలు. అదే నడకలో వాళ్లు అడవికి కాపలా కూడా కాస్తారు. దొంగకి తాళం ఇచ్చారని మనం ఎగతాళి చేస్తాం. అక్కడ ఆ తాళం బాగానే పనిచేసింది.

నేపాల్లో అన్నపూర్ణ ప్రాంతం ఇంకో దారి పట్టింది. 1986లో మొదలుపెట్టిన ఆ సంరక్షణ పథకంలో ఊళ్లను ఖాళీ చేయించలేదు. కొండదారి పొడవునా ఊరివాళ్ల ఇళ్లే సత్రాలు. సత్రాల కమిటీలు కలిసి కూర్చుని భోజనానికి, గదికి రేట్లు రాసుకుంటాయి. పక్కవాడికంటే పది తగ్గించి అందరూ కలిసి మునిగిపోయే పోటీ ఉండదు. ఇంకో పని చేశారు. ట్రెక్కింగ్ వాళ్ల వంటకీ చలిమంటకీ అడవి తరిగిపోతుంటే కిరోసిన్ డిపోలు పెట్టారు. ఇందాక లెక్కలో నేను క్యాంప్‌ఫైర్ 400 పూర్తిగా ఊరిదే అన్నాను చూశారా, అక్కడ నేను మీకు సగమే చెప్పాను. ఆ కట్టె అడవి ఖాతాలోంచి తీసింది. ఒక శనివారం రాత్రి కొండ మీద ఎన్ని మంటలు వెలుగుతాయో లెక్కపెట్టండి, నేను ఒకసారి నలభై దాకా లెక్కపెట్టి నిద్రపోయాను.

ఇంకో చిక్కు ఉంది, దీని గురించి ఎవరూ మాట్లాడరు. లంబసింగి సీజన్ నవంబర్ నుంచి జనవరి. కాఫీ పండు కోత కూడా అప్పుడే. వరికోతలూ ఇంచుమించు అప్పుడే. అరకు కాఫీకి 2019లో భౌగోళిక గుర్తింపు వచ్చింది, ప్యారిస్‌లో కొట్టు తెరిచారు, మంచిదే. పండు ఎర్రబడినప్పుడు కోయాలి, ఆలస్యమైతే చెట్టు మీదే ఎండిపోతుంది. శని ఆదివారాలు కుర్రాళ్లంతా పార్కింగ్ దగ్గర ఉంటే తోటలో ఎవరు? ఆడవాళ్లు. అంటే టూరిజం తెచ్చిన డబ్బు మగవాడి ఫోన్‌పేలో పడుతుంది, అది తెచ్చిన అదనపు చాకిరీ ఆడవాళ్ల నడుం మీద పడుతుంది. ఒక కుటుంబం మొత్తానికి లాభమా కాదా అంటే, లాభమే. ఎవరికి ఎంత అన్నది వేరే సంగతి. డ్వాక్రా సంఘాలకి టిఫిన్ కొట్లు అప్పగించినచోట నాకు పరిస్థితి మెరుగ్గా కనిపించింది.

ఒకే బుట్టలో పెట్టుకోవద్దని కూడా చెప్పాలి. పాపికొండల దారిలో పేరంటాలపల్లి అనే ఊరుంది. కొండరెడ్లు అనే ఆదివాసీలు వెదురుతో పూలు, బొమ్మలు చేసి బోటు దిగినవాళ్లకి అమ్ముతారు. 2019 సెప్టెంబర్‌లో కచ్చులూరు దగ్గర బోటు మునిగింది. ఎంతోమంది పోయారు. చాలా కాలం బోట్లు ఆపేశారు. ఆ వెంటనే కరోనా. బోటు ప్రమాదంతో ఏ సంబంధమూ లేని వెదురు పూలావిడ గల్లా కూడా ఆ రోజుతో మూతపడింది. లైఫ్‌జాకెట్టు తొడుక్కోమంటే విసుక్కుంటాం. అది ఆ ఒడ్డున ఉన్నావిడకి ఇన్సూరెన్సు కూడా.

ఇక లెక్కల సంగతి. అమెరికా ప్రభుత్వం ఆరుబయట వినోదాన్ని, అంటే పడవ, నడక, చేపలు పట్టడం, టెంటు వేయడం వగైరాలను, విడిగా లెక్కగట్టి ప్రతి ఏడూ ప్రకటిస్తుంది. 2023లో వాళ్ల జీడీపీలో 2.3 శాతం, ఉద్యోగాలు 50 లక్షలు అని తేల్చారు. అంకె పెద్దదా చిన్నదా అని కాదు నేను చెప్పేది. వాళ్లు లెక్క రాశారు. మన చింతపల్లి మండలంలో నిరుడు సీజన్లో టెంట్ల మీద ఎంత వచ్చింది, అందులో ఎంత మండలంలో ఆగింది అని అడిగితే ఏ ఫైలు తీస్తారు? మీ డిపార్ట్‌మెంటులో ప్రాజెక్ట్ వర్క్ పేరుతో నెట్‌లోంచి కాపీ కొట్టే యాభై పేజీల బదులు, పదిమంది కలిసి రెండు శనివారాలు వెళ్లి ఇరవై కొట్ల దగ్గర ఈ లెక్క రాసుకు రండి. (చప్పట్లు) చప్పట్లు లెక్చరర్లు కొడుతున్నారు, మీరు కొట్టట్లేదు.

టైమ్ అయింది. ప్రశ్నలుంటే అడగండి.

(ప్రశ్న: టూరిస్టులు రావడం వల్ల చెత్త, గొడవలే ఎక్కువ కదా సార్? రాకుండా ఉంటేనే మేలేమో?)

చెత్త నిజం. వంజంగి కొండెక్కి మబ్బుల సముద్రం చూడటానికి వెళ్లి, దిగేటప్పుడు కాళ్ల కింద నేను చూసింది బిర్యానీ డబ్బాలు. గొడవలూ నిజమే. కానీ రావొద్దు అనే మాట అక్కడివాళ్లు అనాలమ్మా, మనం కాదు. టూరిస్టు కోసం వేసిన రోడ్డు మీదే 108 కూడా ఎక్కుతుంది. డోలీలో గర్భిణిని మోసుకొచ్చిన ఇంటివాళ్లని అడిగితే నీ ప్రశ్నకి వేరే జవాబు వస్తుంది.

(ప్రశ్న: లోన్ ఇవ్వనన్నారే, ఆ అబ్బాయి తర్వాత ఏమయ్యాడు సార్?)

రిటైరయ్యాక ఒక జనవరిలో మా మనవడిని తీసుకుని వెళ్లాను. తెల్లవారకముందు చీకట్లో టెంట్ల కోసం అడుగుతుంటే టార్చి వేసుకుని ఒకతను వచ్చాడు. నన్ను గుర్తుపట్టాడు, నేను పట్టలేదు. వాళ్లమ్మ సంఘంలో అప్పు తీసి రెండు టెంట్లతో మొదలుపెట్టాడట, అప్పటికి పద్నాలుగు ఉన్నాయి. మనవడికి ఉచితం సార్, మీకు మాత్రం రేటు రేటే అన్నాడు. పొద్దున్న టీ ఇచ్చాడు. పాలెక్కడివయ్యా అని అడిగాను. ప్యాకెట్టే సార్, గేదె కోసం లోన్ అడుగుదామనుకుంటున్నా, ఈసారి ఎవరిని కలవమంటారు అన్నాడు.

బ్రాంచి మేనేజరు పేరు, ఫోన్ నంబరు రాసిచ్చాను.